బడిగంట నుండి బడిగంట వరకు
(రేడియో ప్రసంగ పాఠము)



జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్లలో ఒకటే హడావుడి. కొత్త యూనిఫారము, కొత్త బూట్లు, పుస్తకాలకు అట్టలు వేయడము, వాటి మీద పేరు చీటీలు అంటించడము. ఫీజు ఎంత, ఆటో ఎన్నింటికి వస్తుంది, ఏ సెక్షన్ ఇచ్చారు అని విచారిస్తాము. కాని బడి గేటు మూసిన తరువాత ఆ గదిలో ఏమి జరుగుతున్నదో మనలో చాలామందికి తెలియదు. సాయంత్రము ఇంటికి వచ్చిన పిల్లవానిని "ఈ రోజు బడిలో ఏం చేశారురా?" అని అడిగితే, "ఏమీ లేదు" అని సంచి మూలన పడవేసి ఆటకు పోతాడు. ఆ "ఏమీ లేదు" అన్న మాట వెనుక ఎంత ఉన్నదో ఈనాడు కొంచెము ఆలోచిద్దాము. మన సికింద్రాబాద్ నగరములోని కతోలిక మగపిల్లల బడులలో, ఒకటి నుండి ఐదు తరగతుల వరకు, ఒక దినము ఎలా గడుస్తుంది? అక్కడ జరిగే ప్రతి చిన్న పనికి కారణమేమి? అందులో తల్లిదండ్రుల వంతు ఎంత, విచారణ వంతు ఎంత?

ముందుగా ఒక లెక్క చూడండి. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఒకటి నుండి ఐదు తరగతులకు ఏడాదికి కనీసము 200 పనిదినములు, 800 గంటల బోధన ఉండవలెనని ఒక కొలత పెట్టింది. ఏడాదికి మొత్తము 8760 గంటలు. పిల్లవాడు రోజుకు పది గంటలు నిద్రపోతాడనుకున్నా, మేలుకొని ఉండేది 5000 గంటలకు పైగానే. అందులో పాఠము వినేది 800 గంటలు. అనగా ఆరింట ఒక వంతు కన్న తక్కువ. ఆదివార పూజకు గంట చొప్పున లెక్కవేస్తే ఏడాదికి 52 గంటలు. మిగిలిన కాలమంతయు ఇంటిది, వీధిది, టీవీది, సెల్‌ఫోనుది. కాబట్టి "బడిలో వేశాము, ఇక అంతా వాళ్లే చూసుకుంటారు" అనుకొనుట లెక్క ప్రకారము కూడ సరికాదు.

బడులు ఎలా వచ్చాయి?

సికింద్రాబాద్ 1806లో నిజాము సికిందర్ జా పేరున వెలిసిన దండు పట్టణము. బ్రిటిషు సైన్యములో ఐర్లండు దేశపు కతోలిక సిపాయిలు ఉండేవారు. వారి కుటుంబాల ఆత్మరక్షణ కొరకు గురువులు వచ్చారు. ఐర్లండు దేశస్థుడైన డేనియల్ మర్ఫీ గురువు 1840 దశకములో కట్టించిన మరియమాత దేవాలయము 1850 నాటికి పూర్తి అయ్యింది. 2008లో బసిలికా గౌరవము పొందిన సరోజినీ దేవి రోడ్డులోని ఆ దేవాలయమే ఈ జంట నగరాలలో కతోలికుల పాత గుడి. ఆ మర్ఫీ గురువు తరువాత హైదరాబాద్ మేత్రాణులై, చివరకు ఆస్ట్రేలియా దేశపు టాస్మేనియాలో మేత్రాణులుగా పనిచేశారు.

గుడి లేచిన చోట బడి లేచింది. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ పాఠశాల 1855 నాటిది. ఇటలీలోని టూరిన్ నగరములో పుట్టిన పునీత అన్నమ్మ సభ కన్యలు 1871లో సికింద్రాబాదులో ఆడపిల్లల కొరకు సెయింట్ ఆన్స్ బడిని ప్రారంభించారు. మగపిల్లలకు యేసుసభ గురువుల సెయింట్ పాట్రిక్స్ వంటి బడులు పేరు తెచ్చుకున్నాయి. ఆడపిల్లలకు కన్యలు, మగపిల్లలకు గురువులు, బ్రదర్లు అన్న ఏర్పాటు ఆనాటి సభల పనివిభజన. మగపిల్లలు విడిగానే చదువవలెనని వేదములో ఎక్కడా లేదు. అందుకే కాలము మారినకొలది ఎన్నో కతోలిక బడులు అబ్బాయిలను, అమ్మాయిలను కలిపి చేర్చుకుంటున్నాయి.

శ్రోతలారా, తరగతి గదికి కూడ ఒక చరిత్ర ఉన్నది. ఒక నల్లబల్ల, ఎదురుగా వరుసలుగా బల్లలు, అందరి చేతిలో ఒకే పుస్తకము. ఇది మనకు ఎంత అలవాటైనదంటే, లోకము పుట్టినప్పటి నుండి ఇలాగే ఉన్నదనుకుంటాము. అలా కాదు. ఒకప్పుడు ఐరోపాలోని చిన్న బడులలో ఉపాధ్యాయుడు ఒక్కొక్క పిల్లవానిని తన దగ్గరకు పిలిచి పాఠము అప్పగించుకునేవాడు. మిగిలినవారు ఊరకే కూర్చునేవారు, లేదా అల్లరి చేసేవారు. ఫ్రాన్సు దేశపు గురువు పునీత జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ ఈ పద్ధతిని మార్చారు. 1651లో ధనిక కుటుంబములో పుట్టిన ఈయన, తన ఆస్తిని కరువు కాలములో బీదలకు పంచిపెట్టి, బీద పిల్లల బడులకు తన జీవితమును ఇచ్చారు. ఒకే స్థాయి పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి, ఒకే పుస్తకము ఇచ్చి, అందరికీ ఒకేసారి బోధించే పద్ధతిని ఆయన స్థాపించిన బ్రదర్లు ఎల్లెడల వ్యాపింపజేశారు. 1950లో 12వ భక్తినాథ పోపుగారు ఆయనను ఉపాధ్యాయులందరికి పాలక పునీతునిగా ప్రకటించారు.

ఆయన చేసిన మరొక పనిని మరువరాదు. ఆ కాలములో చదువు లాటిను భాషలో మొదలయ్యేది. కూలివాని కొడుకుకు లాటిను ఏమి తెలుస్తుంది? అందుచేత డి లా సాల్ గారు పిల్లల ఇంటి భాష అయిన ఫ్రెంచిలో చదవడము మొదలుపెట్టించారు. ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి. కొంచెము సేపటికి మరల దీని దగ్గరకు వస్తాము.

పేరు పెట్టి పిలిచే వేళ

ఉదయము గంట కొడతారు. పిల్లలు వరుసలు కడతారు. ప్రార్థన, ప్రతిజ్ఞ, ఆనాటి వార్తలు, జాతీయ గీతము. ఆ ప్రతిజ్ఞను వ్రాసినది మన తెలుగువారే. నల్లగొండ జిల్లా అన్నెపర్తి గ్రామానికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్నములో ఖజానా అధికారిగా ఉన్నప్పుడు దానిని తెలుగులో వ్రాశారు. ఆ తరువాత అది దేశ భాషలలోనికి మార్చబడి బడి బడికి చేరింది. దేశములోని వారంతా ఒక కుటుంబమని చెప్పే ఆ మాటలను, పక్కపక్కనే నిలబడి ఒక క్రైస్తవ బాలుడు, ఒక హిందూ బాలుడు, ఒక ముస్లిము బాలుడు చెయ్యి చాచి పలుకుతారు. ఆరేళ్ల పిల్లవానికి అర్థమంతా తెలియకపోవచ్చు. అయినను ఎవరి పక్కన నిలబడి పలికాడో ఆ జ్ఞాపకము నిలుస్తుంది.

తరువాత తరగతిలో హాజరు పిలుస్తారు. మనకు అది రిజిస్టరు పని. కాని ఆలోచించి చూడండి. ఎన్ని పనులున్నా రోజూ ప్రతి పిల్లవాని పేరును ఒక పెద్ద మనిషి నోరారా పలికేది అప్పుడే. యోహాను సువార్త 10వ అధ్యాయములో మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపేరున పిలుచునని చదువుతాము. మంచి టీచరు హాజరు పిలుస్తూ తల ఎత్తి చూస్తుంది. ఎవరి గొంతు నీరసముగా ఉన్నది? ఎవరు నిన్నటి మురికి చొక్కాతోనే వచ్చారు? ఎవరు మూడు రోజులుగా రాలేదు? నాన్నకు పని పోయిన ఇల్లు, అమ్మ ఆసుపత్రిలో ఉన్న ఇల్లు, రాత్రంతా గొడవ జరిగిన ఇల్లు టీచరుకు మొదట కనిపించేది మార్కులలో కాదు, ఈ హాజరు వేళనే.

అందుచేత తల్లిదండ్రులారా, ఇంట్లో కష్టము వచ్చినప్పుడు టీచరు చెవిలో ఒక మాట వేయండి. వివరాలన్నీ చెప్పనక్కరలేదు. "మిస్, ఈ వారము మా ఇంట్లో కొంచెము ఇబ్బందిగా ఉన్నది, బాబును కాస్త చూడండి" అంటే చాలు. ఆ ఒక్క మాట పిల్లవానిని ఎన్నో అనవసరమైన చీవాట్ల నుండి కాపాడుతుంది.

నోరు మెదపని పిల్లవాడు

ఇప్పుడు పాఠము. ఇక్కడే అసలు చిక్కు ఉన్నది.

సికింద్రాబాదులో ఒక తరగతి గదిలో కూర్చున్న పిల్లల ఇంటి భాషలు వినండి. ఒకరింట తెలుగు, ఒకరింట ఉర్దూ, ఒకరింట తమిళము, మరొకరింట హిందీ. మన బసిలికాలో కూడ ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలలో పూజలు జరుగుతాయి. పిల్లలు ఆటస్థలములో ఈ భాషలన్నీ కలిపి మాట్లాడుకుంటారు, ఎవరికీ ఇబ్బంది లేదు. గంట కొట్టగానే లోపల అంతా ఇంగ్లీషు. అప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్లవాడు మూగవాడవుతాడు.

టీచరు "అర్థమైందా?" అని అడుగుతుంది. "ఎస్ మిస్" అని నలభై గొంతులు ఒక్కసారిగా అరుస్తాయి. ఆ అరుపులో అర్థమైనవాడెవడో, కానివాడెవడో తేలదు. అందరూ కలిసి పాఠము చదివేటప్పుడు కూడ ఇంతే. పక్కవాని పెదవులను చూసి పెదవులు కదిపే పిల్లవాడు ఏడాదంతా దొరకకుండా గడపగలడు. పరీక్ష వచ్చినప్పుడు బయటపడతాడు. అప్పుడు ఇంట్లో "మొద్దు" అంటారు. వాడు మొద్దు కాదు. వాడు ఒక ప్రశ్న విని, దానిని తన భాషలోనికి మార్చుకొని, జవాబు ఆలోచించి, మరల ఇంగ్లీషులోనికి మార్చుకునేలోపల టీచరు రెండవ ప్రశ్నకు పోయింది. అంతే.

అనుభవముగల టీచర్లు దీనికి కొన్ని ఉపాయాలు చేస్తారు. అందరినీ కాక ఒక్కొక్కరిని అడుగుతారు. అడిగిన తరువాత మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకొని ఆగుతారు. కొత్త మాటను మొదట ఇంటి భాషలో చెప్పి, తరువాత ఇంగ్లీషులో చెబుతారు. తెలిసినవానిని తెలియనివాని పక్కన కూర్చోబెడతారు. "నాకు చెప్పవద్దు, నీ స్నేహితునికి చెప్పు" అంటారు. చెప్పినవానికి మరింత బాగా వస్తుంది, విన్నవానికి భయము పోతుంది.

డి లా సాల్ గారి సంగతి గుర్తున్నదా? బీద పిల్లవానికి మొదట వాని ఇంటి భాషలో చదువు నేర్పమన్న మహాత్ముని పేరు చెప్పుకునే మనము, తెలుగు మాట్లాడితే తప్పు అన్నట్లు పిల్లలను చూడవచ్చునా? ఇంగ్లీషు అక్కరలేదని నేను అనడము లేదు. మన పిల్లలకు అది కావాలి. తల్లిదండ్రులు కడుపు కట్టుకొని ఫీజు కట్టేది దాని కొరకే. కాని తల్లి భాష పునాది, ఇంగ్లీషు దాని మీద లేచే అంతస్తు. 2020 నాటి జాతీయ విద్యా విధానము కూడ వీలైనంతవరకు ఐదవ తరగతి దాకా ఇంటి భాషలో బోధించుట మేలని చెప్పింది. తెలంగాణ రాష్ట్రము 2018లో చట్టము చేసి, ఒకటి నుండి పదవ తరగతి వరకు బడులలో తెలుగు తప్పనిసరిగా నేర్పవలెనన్నది. పెంతెకొస్తు దినమున యెరూషలేములో చేరిన జనులు ఎవరి భాషలో వారు సువార్తను విన్నారని అపోస్తలుల కార్యములలో చదువుతాము. పవిత్రాత్మ అందరినీ ముందు ఒక భాష నేర్చుకొని రమ్మనలేదు.

కాబట్టి ఇంట్లో పిల్లలతో కమ్మని తెలుగులో మాట్లాడండి. రాని ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడే బదులు, వచ్చిన తెలుగులో ఒక మంచి కథ చెప్పండి. తెలుగు బైబులు నుండి రోజుకు నాలుగు వచనాలు చదివించండి. కథను విని, మరల తన మాటలలో చెప్పగలిగిన పిల్లవాడు ఏ భాషలోనైనా పాఠమును అందుకోగలడు.

బెత్తము సంగతి

"కొట్టండి టీచర్, మేము ఏమీ అనుకోము. వీడు దెబ్బలకు గాని దారికి రాడు." ఈ మాట మన తల్లిదండ్రులు ఎన్నిసార్లు అంటారో! ముఖ్యముగా మగపిల్లల విషయములో. మగపిల్లలు కుదురుగా కూర్చోరు, కొట్టుకుంటారు, సంచులు లాక్కుంటారు, నిజమే. అయితే బెత్తము ఏమి నేర్పుతుందో చూద్దాము.

భయపడిన పిల్లవాని మనస్సు పాఠము మీద ఉండదు, బెత్తము మీద ఉంటుంది. చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూసే కంటికి బల్ల మీద వ్రాసిన లెక్క కనిపించదు. రెండవది, దెబ్బ తిన్నవాడు దెబ్బ తప్పించుకొనుట నేర్చుకుంటాడు. అనగా అబద్ధమాడుట నేర్చుకుంటాడు. డైరీ పోయిందంటాడు, అమ్మ సంతకము తానే పెడతాడు. మూడవది, బలము ఉన్నవాడు లేనివానిని కొట్టవచ్చునని నేర్చుకుంటాడు. ఇరవై ఏళ్ల తరువాత ఆ పాఠమును తన భార్య మీద, తన బిడ్డల మీద అప్పగిస్తాడు.

టూరిన్ నగర వీధులలో దిక్కులేని మగపిల్లలను చేరదీసిన పునీత డాన్ బోస్కో గారు దీనికి వేరొక మార్గము చూపారు. తొమ్మిదేళ్ల వయస్సులో ఆయనకు ఒక కల వచ్చింది. తిట్టుకుంటూ కొట్టుకుంటున్న పిల్లల గుంపు మీదికి ఆయన పిడికిళ్లతో దూకితే, వారిని దెబ్బలతో కాక మృదుత్వముతో గెలువుమని ఆయనకు తెలియజేయబడింది. పెద్దయిన తరువాత 1877లో ఆయన తన బోధన పద్ధతిని వ్రాసిపెట్టారు. తప్పు జరిగిన తరువాత శిక్షించుట కాదు, తప్పు జరగకుండ ముందే పిల్లల మధ్య ఉండుట. వివేకము, విశ్వాసము, వాత్సల్యము అను మూడు దానికి ఆధారము. అందుకే మంచి బడులలో విరామ సమయములో టీచర్లు గదిలో కూర్చోరు, ఆటస్థలములో తిరుగుతుంటారు. పెద్దవారి కన్ను ఉన్నచోట కొట్లాట సగము తగ్గుతుంది.

చట్టము కూడ ఇదే చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002లోనే విద్యా నియమాలను సవరించి బడులలో శారీరక శిక్షను నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను దెబ్బలనే కాదు, మానసిక హింసను కూడ నిషేధించింది. నలుగురి ఎదుట హేళన చేయుట, తండ్రి వృత్తిని ఎత్తి చూపుట, రంగును, కులమును ఎత్తి మాట్లాడుట కూడ దెబ్బలే. వాటి వాత బయటికి కనిపించదు.

మరి సామెతల గ్రంథములో బెత్తము గూర్చి ఉన్నది కదా అని కొందరు అడుగుతారు. ఆ కాలములో కఱ్ఱ పట్టుకునేవాడు కాపరి. కాపరి కఱ్ఱ తోడేలును తరుముటకు, దారి తప్పిన గొఱ్ఱెను దగ్గరకు లాగుటకు. 23వ కీర్తనలో కీర్తనకారుడు కాపరి కఱ్ఱను చూసి భయపడలేదు, ఆదరణ పొందాడు. మన చేతిలోని కఱ్ఱను చూసి బిడ్డ ఆదరణ పొందుతున్నాడా, వణుకుతున్నాడా? దానిని బట్టి మనము కాపరులమో కామో తెలుసుకోవచ్చును.

మృదుత్వమంటే క్రమశిక్షణ లేకపోవుట కాదు. ఆలస్యముగా వచ్చినవానిని మొదట కారణము అడుగుతారు. పొరుగువాని పుస్తకము చించినవాడు కూర్చొని దానిని అతికించి ఇవ్వాలి. గోడ మీద గీసినవాడు దానిని తుడవాలి. చేసిన తప్పుకు, చేయవలసిన పనికి సంబంధము కనిపించాలి. అప్పుడు పిల్లవాడు సిగ్గుపడి ఊరుకోడు, సరిదిద్దుకుంటాడు.

మగపిల్లవాడు ఏడవకూడదా?

మగపిల్లల బడిలో మరొక మాట వినిపిస్తుంది. క్రింద పడి మోకాలు చీరుకున్నవానిని "ఏమిరా, ఆడపిల్లలా ఏడుస్తావు?" అంటారు. ఒక్క మాటలో రెండు తప్పులు. ఏడ్చుట నామోషీ అని, ఆడపిల్లగా ఉండుట నామోషీ అని. మన ప్రభువు లాజరు సమాధి దగ్గర కన్నీరు కార్చారు. ఏడవనివ్వని పిల్లవాడు బాధను కోపముగా మార్చుకుంటాడు.

అలాగే గదిలో చీపురు పట్టుకొనుట, నల్లబల్ల తుడుచుట, చెత్తబుట్ట మోయుట, మొక్కలకు నీళ్లు పోయుట. మగపిల్లల బడిలో ఈ పనులను అక్కకో చెల్లికో అప్పగించే వీలు లేదు, వంతుల ప్రకారము అందరూ చేయాలి. ఇది గొప్ప మేలు. యేసు ప్రభువు తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగారు. బడిలో బల్ల తుడిచిన కొడుకు ఇంట్లో తన కంచము తాను తీసేటట్లు చూచుట తల్లిదండ్రుల పని.

అన్నము డబ్బా తెరిచే వేళ

మధ్యాహ్నము గంట కొడతారు. డబ్బాలు తెరుచుకుంటాయి. ఒకని డబ్బాలో పులావు, ఒకని డబ్బాలో చపాతీ, ఒకని డబ్బాలో ఆవకాయ కలిపిన అన్నము. నాలుగవవాడు మూతను సగము మాత్రమే తెరచి, చెయ్యి అడ్డము పెట్టుకొని తింటాడు. ఎందుకో చెప్పనక్కరలేదు.

యోహాను సువార్త 6వ అధ్యాయములో ఐదు వేలమందికి భోజనము పెట్టినప్పుడు, ఆ ఐదు రొట్టెలు రెండు చేపలు ఎవరివి? ఒక బాలునివి. అవి యవల రొట్టెలు, బీదవారి తిండి. ప్రభువు వాటిని చిన్నచూపు చూడలేదు. మంచి టీచరు అప్పుడప్పుడు పిల్లల మధ్య కూర్చొని తింటుంది. "మీ అమ్మ పచ్చడి ఎంత బాగుందిరా, నాకు కొంచెము పెట్టు" అంటుంది. ఆ రోజు నుండి వాడు చెయ్యి అడ్డము పెట్టుకోడు.

ఇక్కడ మతము సంగతి కూడ చెప్పాలి. మన బడులలో ఎక్కువమంది క్రైస్తవేతరులే చదువుతారు. భారత క్రికెట్ జట్టుకు నాయకుడైన మహమ్మద్ అజహరుద్దీన్ ఆల్ సెయింట్స్ బడి విద్యార్థియే. రాజ్యాంగపు 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు బడులు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణము, ప్రభుత్వ గుర్తింపు పొందిన బడిలో ఎవరినీ వారి సమ్మతి లేక, పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి లేక, మతబోధనలో కూర్చోబెట్టరాదని చెప్పింది. అందుకే కతోలిక పిల్లలకు జ్ఞానోపదేశము జరిగే వేళ మిగిలినవారికి నీతిబోధ జరుగుతుంది. రెండవ వాటికన్ మహాసభ 1965లో విద్యను గూర్చి వెలువరించిన ప్రకటన కూడ, కతోలిక బడిలోని వాతావరణము స్వేచ్ఛతోను సువార్త ప్రేమతోను నిండియుండవలెనని కోరింది. జ్ఞానోపదేశపు పుస్తకమును చూడని పిల్లవాడు కూడ టీచరును చూస్తాడు. వానికి అదే సువార్త.

ఫీజు కట్టలేనివాడు

చివరగా ఒక కఠినమైన మాట. మన బడులు బీదల కొరకు పుట్టాయి. మరి ఈనాడు మన విచారణలోని ఆటో నడిపేవాని కొడుకు, ఇళ్లలో పనిచేసే తల్లి కొడుకు ఆ బడిలో చదువగలుగుతున్నాడా? టీచర్లకు జీతాలు ఇవ్వాలి, భవనాలు చూసుకోవాలి, ఖర్చులు నిజమే. విద్యాహక్కు చట్టము మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పింది. కాని చట్టము వర్తించనంత మాత్రాన సువార్త వర్తించకుండ పోదు.

ఫీజు కట్టనివానిని తరగతిలో నిలబెట్టుట ఎక్కడ జరిగినా అది అన్యాయమే. బాకీ ఉన్నది తండ్రి, నిలబడినది కొడుకు. ఆ మాటను పెద్దలతో ఆఫీసు గదిలో మాట్లాడుకోవాలి. విచారణ పెద్దలు కూడ ఆలోచించాలి. 1833లో పారిసు నగరములో ఫ్రెడరిక్ ఓజనాం అనే యువకుడు స్నేహితులతో కలిసి ప్రారంభించిన పునీత విన్సెంట్ డి పాల్ సొసైటీ శాఖలు మన దేశములో ఎన్నో విచారణలలో ఉన్నాయి. జూన్ నెలలో ఒక పిల్లవానికి పుస్తకాలు, ఒకనికి బూట్లు, ఒకనికి మూడు నెలల ఫీజు. పది కుటుంబాలు కలిస్తే ఇది భారము కాదు. పెండ్లిలో ఒక పూట బాణసంచాకు పెట్టే ఖర్చు ఒక బాలుని ఏడాది చదువు కావచ్చును.

చివరి గంట తరువాత

సాయంత్రము చివరి గంట కొడతారు. ఇప్పుడు బిడ్డ మన చేతికి వచ్చాడు. మనము మొదట అడిగేది "ఎన్ని మార్కులు వచ్చాయి? పక్కింటి బాబుకు ఎన్ని వచ్చాయి?" అని. ఈ ప్రశ్నకే పిల్లవాడు "ఏమీ లేదు" అని పారిపోయేది.

యేసుసభ స్థాపకులు పునీత లొయోలా ఇన్యాసి గారు తన అనుచరులకు దినము ముగింపున ఆత్మశోధన నేర్పారు. ఆ దినము దేవుడు ఇచ్చిన మేలులను తలంచి కృతజ్ఞత చెప్పుట, ఎక్కడ తప్పిపోయామో చూచుకొనుట, రేపటి కొరకు సాయము అడుగుట. దీనిని చిన్న పిల్లలతో ఐదు నిమిషాలలో చేయవచ్చును. రాత్రి జపమునకు ముందు మూడు ప్రశ్నలు అడగండి. "ఈ రోజు నీకు సంతోషము కలిగించినది ఏది? నీవు ఎవరికి సాయము చేశావు, లేక ఎవరిని బాధపెట్టావు? నీకు అర్థము కానిది ఏది?" మూడవ ప్రశ్నను మరువకండి. అర్థము కాలేదని చెప్పుటకు భయపడని ఇంటిలోనే చదువు పెరుగుతుంది. పండ్రెండేండ్ల బాలయేసు దేవాలయములో బోధకుల మధ్య కూర్చొని వారి మాటలు వినుచు, వారిని ప్రశ్నలు అడుగుచుండెనని లూకా సువార్త చెబుతున్నది. తరువాత నజరేతుకు పోయి తల్లిదండ్రులకు లోబడి, వయస్సునందును జ్ఞానమునందును పెరిగారు. ప్రశ్న అడుగుట, లోబడుట, ఈ రెండును ఒకే బాలునిలో ఉన్నాయి. ఒకటి ఉంటే రెండవది ఉండదనుకొనుట మన పొరపాటు.

మొదట పిల్లవాడు ఒక్క మాటతో సరిపెట్టవచ్చును. రెండవ వారము రెండు మాటలు చెబుతాడు. మీరు తిట్టరని, నవ్వరని, పోల్చరని నమ్మకము కుదిరిన రోజున పూర్తిగా చెబుతాడు. బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నా, ఎవరైనా తప్పుగా తాకినా, లెక్క రాక భయపడుతున్నా, ఆ కబురు మీకు చేరవలసిన దారి ఇదొక్కటే. ఆ దారిని మూయకండి.

ప్రియ సహోదరీ సహోదరులారా, మీ ఇంట్లో చదువుకునే పిల్లలు లేకపోవచ్చును. అయినను మీ విచారణలో ఒక బడి ఉన్నది, లేదా మీ వీధిలో ఒక టీచరు ఉన్నది. నలభైమంది పిల్లల పేర్లు రోజూ పిలిచి, నలభై నోట్సులు దిద్ది, గొంతు పోయి ఇంటికి చేరే ఆ తల్లి కొరకు ఈ ఆదివారము పూజలో ఒక ప్రార్థన చేయండి. కలిసినప్పుడు "అమ్మా, మా పిల్లలను బాగా చూస్తున్నారు" అని ఒక మంచి మాట చెప్పండి. ఫిర్యాదు చేయుటకు వెళ్లేవారు ఎందరో ఉన్నారు, కృతజ్ఞత చెప్పుటకు వెళ్లేవారు తక్కువ.

చిన్న బిడ్డలను తన యొద్దకు రానిమ్మని పలికిన ప్రభువు మన బడులను, మన బిడ్డలను, వారికి బోధించు వారిని ఆశీర్వదించునుగాక. ఏ తరగతి గదిలోను ఏ బిడ్డయు భయముతో వణకకుండునుగాక. ఆమెన్.